ఏడు దీవులు వద్దు మాస్టారూ, మూడు చాలు

ప్రశ్న: నేను రాజమండ్రిలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి, కోడలు మ్యూనిక్‌లో ఉంటారు. ఆగస్టు చివర నేనూ మా ఆవిడా వెళ్లి రెండు నెలలు వాళ్ల దగ్గర ఉండబోతున్నాం. సెప్టెంబరులో పది రోజులు నలుగురం కలిసి క్రొయేషియా దీవులు తిరగాలని అబ్బాయి ప్లాను. తెరచాప పడవ ఒకటి వారం రోజులకు అద్దెకు తీసుకుని, అందులోనే ఉంటూ ఏడు దీవులు చూద్దామంటున్నాడు. జర్మనీలోనే ఓ సరస్సులో నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. పడవెందుకు, ఫెర్రీల మీద తిరుగుదాం అంటోంది కోడలు. మా ఆవిడకి ఈత రాదు. పాపికొండల లాంచీలోనే ఓసారి కళ్లు తిరిగి పడుకుంది. ఆవిడ శాకాహారి. నాకేమో తెరచాప పడవ ఎక్కాలని చిన్నప్పటి నుంచీ కోరిక. ఏం చేయమంటారు?

సమాధానం: మాస్టారూ, మీ ఉత్తరంలో అబ్బాయి ఏమంటున్నాడో ఉంది, కోడలు ఏమంటోందో ఉంది, మీ కోరికేమిటో ఉంది. అమ్మగారు ఏమంటున్నారో లేదు. ఈత రాదనీ, కళ్లు తిరుగుతాయనీ రాశారు గానీ ఆవిడ వద్దన్నారని రాయలేదు. ముందు ఆ ముక్క అడగండి. ఆవిడ సరేనన్నా సరే, వారం పాటు పడవలో కాపురం మాత్రం వద్దంటాను నేను. ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లడానికి ఫెర్రీ, రాత్రి పడుకోవడానికి నేల మీద గది, మీ కోరిక తీరడానికి ఒకటి రెండు పగళ్లు స్కిప్పర్‌తో, అంటే పడవ నడిపే మనిషితో సహా తెరచాప పడవ. దీవులు ఏడు కాదు, మూడు. అందులోనూ ఒకటి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేది.

వారం అద్దె ఎందుకు వద్దంటున్నానో చెప్తాను, అబ్బాయికి కూడా చదివి వినిపించండి. అక్కడ పడవల అద్దె లెక్క శనివారం నుంచి శనివారానికి. మొదటి శనివారం సాయంత్రం అయిదింటికి గానీ పడవ చేతికి రాదు. సామాను సర్దుకుని, తనిఖీలు అయ్యేసరికి చీకటి పడుతుంది, ఆ రాత్రి రేవులోనే. చివరి శనివారం పొద్దున తొమ్మిదింటికల్లా ఖాళీ చేయాలి కాబట్టి శుక్రవారం సాయంత్రానికే బయల్దేరిన రేవుకి చేరుకోవాలి. అంటే వారం అద్దె కట్టి తిరిగేది ఆరు రోజులు. ఆరు రోజుల్లో ఏడు దీవులంటే రోజూ లంగరు ఎత్తడం, దించడం, ఎక్కడ కట్టుకోవాలో వెతుక్కోవడం తప్ప దిగి చూసేదేముంటుంది? ఈలోగా గాలి తిరగబడితే రెండు రోజులు రేవులో కదలకుండా కూర్చోవాలి. పడవ అద్దె ఆగదు, రేవు రుసుము దానికి అదనం.

ఇక లైసెన్సు. జర్మనీలో సరస్సులు, నదులకిచ్చేది వేరు, సముద్రానికిచ్చేది వేరు. మొదటిది చూపించి ఈ దీవులున్న అడ్రియాటిక్ సముద్రంలో పడవ నడుపుతానంటే కుదరదు. సముద్రపు లైసెన్సు ఉన్నా దాంతోపాటు వీహెచ్ఎఫ్ రేడియో సర్టిఫికెట్ కూడా అడుగుతారు. రెండింట్లో ఏది లేకపోయినా స్కిప్పర్‌ని పెట్టుకోవాల్సిందే. ఆయన రోజు కూలి, మూడు పూటల భోజనం మీదే, పడుకోవడానికి చోటూ మీరే చూపించాలి. నాలుగు గోడల మధ్య ఎలా ఉన్నా, నలభై అడుగుల పడవలో కొత్త మనిషితో వారం రోజులు అత్తగారు, కోడలు ఎంత సర్దుకుపోవాలో ఆలోచించండి.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఎవరూ పైకి చెప్పనిది, మరుగుదొడ్డి. పడవలో అది అలమారంత ఉంటుంది. చాలా పడవల్లో పని కానిచ్చాక పక్కనున్న చేతి పంపు కొట్టాలి, మీట ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాలి. కాగితం ముక్క పడిందంటే గొట్టం పూడుకుపోతుంది. మంచినీళ్లు ట్యాంకులో ఉన్నన్నే, స్నానం చెంబుల లెక్కన. సాయంత్రం రేవులో పడవ కట్టేటప్పుడు వెనక్కి నడిపి, వెనక భాగం గట్టుకు ఆనీ ఆనకుండా నిలుపుతారు. నీటి అడుగున రాయికి కట్టిన తాడు ఒకటి గట్టు దగ్గర అందుబాటులో ఉంటుంది, దాన్ని బురదతో సహా పైకి లాగి ముందు కొసకి బిగిస్తారు. ఆ తరవాత పడవకీ గట్టుకీ మధ్య ఒక బల్ల వేస్తారు. వెడల్పు మూరెడు ఉంటుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, కింద నీళ్లు, పడవ ఊగినప్పుడల్లా బల్లా కదులుతుంది. ఈత రాని మనిషి చీర కట్టుకునో చుడీదార్ వేసుకునో రోజుకి నాలుగుసార్లు ఆ బల్ల మీద నడవాలి. సముద్రం కంటే ఆ బల్లకే ఎక్కువ మంది భయపడతారు.

ఫెర్రీల సంగతికొద్దాం. అక్కడ వెయ్యికి పైగా దీవులు, దిబ్బలు ఉన్నా మనుషులు కాపురం ఉండేవి కొద్ది. వాటి మధ్య ఎక్కువగా తిరిగేది యాద్రోలినియా అనే ప్రభుత్వ సంస్థ ఓడలు. క్రీలో లాంటి ప్రైవేటు వాళ్ల వేగం పడవలూ ఉన్నాయి. మీ అబ్బాయి మ్యాపు చూసి హ్వార్ పక్కనే విస్, దాని పక్కనే కోర్చులా అని వరసగా గీత గీసి ఉంటాడు. ఫెర్రీలు ఆ గీత మీద నడవవు. దీవుల జనం ఆసుపత్రికి, కాలేజీకి, కోర్టుకి, బజారుకి వెళ్లాలంటే ఒడ్డునున్న స్ప్లిట్ నగరానికి రావాలి. టైమ్‌టేబుల్ వాళ్ల కోసం వేసింది. తెల్లారకుండానే దీవి నుంచి స్ప్లిట్‌కి, సాయంత్రం స్ప్లిట్ నుంచి దీవికి. ఈ దీవులకి దారులు దాదాపు అన్నీ స్ప్లిట్ నుంచే బయల్దేరతాయి, దీవి నుంచి దీవికి నేరుగా వెళ్లేవి తక్కువ, అవీ కొన్ని రోజుల్లోనే. ఈ ఒక్క సంగతి తెలిస్తే ప్లాను దానంతటదే కుదురుతుంది. స్ప్లిట్‌ని నడిబొడ్డుగా పెట్టుకుని వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. వెనక్కి రావడం దండగ అనుకోకండి. స్ప్లిట్ రేవు, బస్ స్టాండు, రైల్వే స్టేషను పక్కపక్కనే ఉంటాయి, పాతబస్తీ నడిచి వెళ్లేంత దూరం, పెట్టెలు దాచుకునే చోటూ అక్కడే ఉంటుంది.

ఎక్కే పడవలు రెండు రకాలు. ఒకటి కార్లెక్కే పెద్ద ఫెర్రీ. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎక్కే ఉంటారు, దాన్ని నాలుగంతస్తులు చేసి, లోపల కాఫీ కొట్టు పెట్టారనుకోండి. ముందు నోరు తెరుచుకుని ఇనప పలక గట్టు మీదికి వాలుతుంది. లారీలు, కార్లు లోపలికి పోతుంటే వాటి పక్కనుంచే మనమూ నడిచి ఎక్కుతాం. పెట్టెలు కింద పెట్టి, మెట్లెక్కి పైకి వెళ్తే బల్లలు, కిటికీలు, ఇంకా పైన ఆరుబయలు డెక్కు. నడిచి ఎక్కేవాళ్లకి టికెట్టు చవక, చోటు దొరక్కపోవడం అరుదు. రెండోది వేగంగా పోయే క్యాటమరాన్, మనుషులకి మాత్రమే. స్ప్లిట్ నుంచి హ్వార్ పట్నానికి గంటలో చేరుస్తుంది. కానీ సీటులో కూర్చునే ఉండాలి, కిటికీలు తెరుచుకోవు, అల వస్తే దడదడలాడుతుంది, సీజన్‌లో టికెట్లు ముందే అయిపోతాయి, గాలి పెరిగితే మొదట ఆగేదీ అదే. కళ్లు తిరిగే మనిషి ఉన్నప్పుడు గంట ఆదా కోసం దాన్ని ఎక్కొద్దు. పెద్ద ఫెర్రీ డెక్కు మీద కాఫీ కప్పు పెట్టుకుని రెండు గంటలు కూర్చోవడమే ఈ ప్రయాణంలో సగం సుఖం. బడి పిల్లలు, కుక్కపిల్లలు, వాషింగ్ మెషీన్ కొనుక్కుని వెళ్లే కుటుంబాలు, పేకాడుకునే ముసలివాళ్లు, అందరూ అక్కడే కనిపిస్తారు.

కారు మాత్రం వద్దు. మ్యూనిక్ నుంచి దాన్ని తోలుకొస్తే ఫెర్రీ ఎక్కించడానికి వరసలో పడిగాపులు, దీవి మీద సన్నటి సందుల్లో నిలపడానికి చోటు కోసం తిప్పలు. ఫెర్రీ వచ్చే వేళకి రేవులో బస్సులు కాచుకుని ఉంటాయి.

నా లెక్క ఇదీ. మొదట స్ప్లిట్‌లో రెండు రాత్రులు. రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ సుమారు 305లో కట్టించుకున్న కోటలాంటి రాజభవనం ఉంది. ఇప్పుడు దాని గోడల మధ్య జనం కాపురాలుంటున్నారు, మేడ మీద బట్టలారేస్తున్నారు. రెండో రోజు ఎదురుగా ఉన్న బ్రాచ్ దీవికి వెళ్లిరండి. సూపెతార్ రేవుకి 50 నిమిషాలే. ఆ రాజభవనానికి రాయి వెళ్లింది ఈ దీవి నుంచే. అమ్మగారికి సముద్రం ఎంత పడుతుందో, పడదో చూసుకోవడానికి కూడా ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

తరవాత నాలుగు రాత్రులు హ్వార్. అందరూ హ్వార్ పట్నంలో దిగుతారు. మీరు దిగొద్దు. అక్కడ గదుల ధరలు మండిపోతాయి, అర్ధరాత్రి దాకా పాటల గోల. కార్ల ఫెర్రీ ఎలాగూ దీవికి అవతలి వైపున్న స్తారి గ్రాద్‌కే వెళ్తుంది, రెండు గంటల ప్రయాణం. అక్కడే ఉండండి. క్రీ.పూ. 384లో గ్రీకులు వచ్చి దిగిన ఊరది. ఊరి వెనక మైదానంలో వాళ్లు కొలిచి రాతి గట్లు వేసి పంచుకున్న చెక్కలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, ఇప్పటికీ ద్రాక్ష, ఆలివ్ పండిస్తున్నారు. 2008లో యునెస్కో జాబితాలో చేర్చారు. పల్లం నేల కాబట్టి మీ ఇద్దరూ పొద్దున్నే హాయిగా నడిచి రావచ్చు. ఊళ్లో 16వ శతాబ్దపు కవి ఒకాయన కట్టుకున్న ఇల్లు చూడండి. నడిమధ్యన సముద్రపు నీళ్లు వచ్చే చేపల కొలను, చుట్టూ వసారా. ఆయన కూడా ఇద్దరు జాలర్లని తోడు తీసుకుని మూడు రోజులు పడవలో నింపాదిగా తిరిగొచ్చి దాన్నే పద్యాల్లో రాశాడు. మూడు రోజులే చూడండి, వారం కాదు. హ్వార్ పట్నం చూడాలంటే బస్సులో అరగంట, పగలు వెళ్లి చూసి వచ్చేయండి.

తెరచాప పడవ ఎక్కేది ఈ నాలుగు రోజుల్లోనే. హ్వార్ పట్నానికి ఎదురుగా పాక్లెనీ అనే చిన్న చిన్న దీవుల గుంపుంది. స్కిప్పర్‌తో సహా పడవని ఒక పగటికి అద్దెకిచ్చేవాళ్లు ఆ రేవులో దొరుకుతారు. రోజు ముందే నిర్ణయించుకోకండి, రెండు రోజులు చేతిలో ఉంచుకుని గాలి చూసి చెప్పమని స్కిప్పర్నే అడగండి. ఎండాకాలంలో అక్కడ మంచి రోజుల్లో వీచేది మాయెస్త్రాల్, వాయవ్యం నుంచి. పొద్దున సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంటుంది, పదీ పదకొండింటికి గాలి మొదలై, మధ్యాహ్నం రెండు మూడింటికి బలం పుంజుకుని, పొద్దుగూకేసరికి పడిపోతుంది. కాబట్టి పొద్దున ఇంజనుతో వెళ్లి ఏదో ఒక మడుగులో ఆగి, భోంచేసి, మధ్యాహ్నం చాప ఎత్తుకుని తిరిగి రండి. చుక్కాని మీ చేతికివ్వమని స్కిప్పర్‌ని అడగండి, ఇస్తారు.

చాప ఎత్తగానే పడవ పక్కకి ఒరుగుతుంది. మొదటిసారి చూసినవాళ్లకి గుండె జారుతుంది, కాబట్టి ఈ మాట అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. అడుగున సీసమో ఇనుమో పోసిన రెక్క ఒకటి ఉంటుంది. పడవ మొత్తం బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఆ బరువే. పడవ ఒరిగే కొద్దీ అది దాన్ని వెనక్కి లాగుతుంది. ఇంకో సంగతి, ఇంజను మీద పోతూ అటూ ఇటూ దొర్లే పడవ కన్నా, చాపలో గాలి నింపుకుని ఒక పక్కకి ఒరిగి నిలకడగా సాగే పడవలోనే కళ్లు తిరగడం తక్కువ. అయినా భయంగా ఉందంటే చాప సగానికి చుట్టమని చెప్పడానికి మొహమాటపడొద్దు. డబ్బిచ్చింది మీరు. లైఫ్ జాకెట్టు ఒంటికి సరిపోయేది పడవ కదలకముందే తొడుక్కుని చూసుకోవాలి, తరవాత ఇస్తాంలే అంటే ఒప్పుకోకండి.

కళ్లు తిరగడానికి మందు మీ డాక్టర్నే అడిగి తీసుకెళ్లండి. బీపీ, షుగరు మాత్రలు వేసుకునే వయసులో షాపువాడిచ్చింది వేసుకోకూడదు. ఏ మాత్రయినా కడుపులో తిప్పడం మొదలయ్యాక అంతగా పని చేయదు, బయల్దేరే ముందే వేసుకోవాలి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. ఫెర్రీలో అయితే నడిమధ్యన, పడవలో అయితే చుక్కాని దగ్గర కూర్చుని దూరంగా ఒడ్డు కేసి చూస్తుండాలి. ఫోను చూడకూడదు, లోపలి గదిలోకి దిగనే కూడదు. పాపికొండల్లో ఆవిడ చేసిన పొరపాటు పడుకోవడం కాదు, బహుశా లోపల పడుకోవడం.

హ్వార్ నుంచి స్తారి గ్రాద్ ఫెర్రీలోనే స్ప్లిట్ వచ్చి, కాసేపు ఆగి, విస్ ఫెర్రీ ఎక్కండి. రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. అక్కడ మూడు రాత్రులు. యుగోస్లావియా కాలంలో విస్ సైనిక స్థావరం, 1989 దాకా విదేశీయుల్ని అడుగు పెట్టనివ్వలేదు. ఆ పుణ్యమా అని పెద్ద హోటళ్లు లేవలేదు. ద్రాక్షతోటలు, సైన్యం వదిలేసిన సొరంగాలు, రెండు చిన్న రేవు ఊళ్లు. పడమటి వైపున్న కొమీజా జాలర్ల ఊరు, నా ఓటు దానికే. అక్కడ దిగగానే నీలి గుహకి తీసుకెళ్తామని అందరూ వెంటపడతారు. బీషెవో దీవిలో ఉందది, నీటి అడుగు కన్నంలోంచి ఎండ వచ్చి పొద్దున పదకొండు, పన్నెండు మధ్య లోపలంతా నీలంగా వెలుగుతుంది. నిజంగానే బాగుంటుంది. కానీ చిన్న పడవలో తలవంచుకుని లోపలికి దూరాలి, గంటలకొద్దీ వరసలో ఆగి లోపల ఉండేది కొద్ది నిమిషాలు. అమ్మగారికి అక్కర్లేదు. మీరూ అబ్బాయీ ఇంకో పూట తెరచాప పడవ ఎక్కాలనుకుంటే ఇక్కడ ఎక్కండి, అత్తాకోడళ్లు ఒడ్డున ఉండి వాళ్లకి తోచింది చేసుకుంటారు. గులకరాళ్ల ఒడ్డు కాబట్టి నీళ్లలో దిగేటప్పుడు రబ్బరు చెప్పులుండాలి, రాళ్ల సందుల్లో ముళ్లకాయల్లాంటి సీ అర్చిన్లు ఉంటాయి.

తిండి విషయంలో కొనోబాలు అనే చిన్న భోజనశాలల్లో అంతా చేపలే అయినా, బ్లిత్వా అని ఒక ఆకుకూర దొరుకుతుంది. బంగాళాదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనె వేసి మగ్గిస్తారు, మన నోటికి పడుతుంది. కొమీజాలో పొగాచా అనే రొట్టె చూసి ఉల్లిపాయ, టమాటా అనుకుని అమ్మగారికి పెట్టేయకండి, లోపల నెత్తళ్లలాంటి చేపలుంటాయి. వంటగది ఉన్న ఇల్లే తీసుకోండి. స్ప్లిట్‌లో రాజభవనం తూర్పు గోడ పక్కన కూరగాయల బజారుంది, అక్కడ కొనుక్కుంటే పప్పూ అన్నానికి లోటుండదు. రాజమండ్రి నుంచి నెయ్యి మాత్రం పట్టుకెళ్లొద్దు. బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. నెయ్యి మ్యూనిక్‌లోనే కొంటే సరి.

వీసాకి వేరే తంటా లేదు. 2023 జనవరి 1న క్రొయేషియా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో చేరింది, యూరో కూడా అప్పుడే వచ్చింది. మీరు ఎక్కువ రోజులుండేది జర్మనీలో కాబట్టి జర్మనీ వీసాకే పెట్టండి, దరఖాస్తులో ఈ పది రోజుల సంగతీ రాయండి. జర్మనీ, క్రొయేషియా కలిపి 180 రోజుల్లో 90కి మించకుండా చూసుకుంటే చాలు.

చివరగా, పదో రాత్రి స్ప్లిట్‌లోనే ఉండాలి. విస్ నుంచి పొద్దున ఫెర్రీలో వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కుదామని అబ్బాయి అంటాడు, ఒప్పుకోకండి. సెప్టెంబరు గడిచే కొద్దీ ఆగ్నేయం నుంచి యూగో అనే గాలి మొదలవుతుంది. ఒక్కసారిగా రాదు, మబ్బు పట్టి, ఉక్క పోసి, రోజు రోజుకీ అల పెంచుకుంటూ వస్తుంది. అది వీచే రోజుల్లో పాత డుబ్రోవ్నిక్ నగర పెద్దలు చట్టాలు చేసేవాళ్లు కాదని చెప్పుకుంటారు, మనిషి బుర్ర చిరాగ్గా ఉంటుందని. మొదట క్యాటమరాన్లు ఆగుతాయి, మరీ ముదిరితే పెద్ద ఫెర్రీలూ ఆగుతాయి. విస్ ఆ చివరి దీవి. అక్కడున్న మూడో రోజున దక్షిణం వైపు మబ్బు కమ్మి కనిపిస్తే, ఆ ఇంటివాళ్లనడిగి, వాళ్లు వెళ్లమంటే ఒక రోజు ముందే బయల్దేరి వచ్చేయండి. స్ప్లిట్‌లో ఇంకో రాత్రికి గది దొరకడం కష్టం కాదు.